చూడకుండా రాసిన కాగితం

జూన్ 30, సోమవారం

చూడకుండానే రాసేశాడు, నా గర్భసంచి తీసెయ్యాలని. గుడివాడ నర్సింగ్ హోమ్‌లో ఆ డాక్టరు నా మొహం కూడా సరిగ్గా చూడలేదు. పొట్ట మీద జెల్లు రాసి, రెండు నిమిషాలు మిషను తిప్పి, "వాచిందమ్మా, ఉంచుకుంటే రేపు క్యాన్సరవుద్ది" అన్నాడు. కాగితం మీద గీకాడు. నాలుగు నెలలుగా నాకు నెత్తురు ఆగట్లేదన్నది నిజమే. ఎందుకు ఆగట్లేదండీ అని అడిగాను.

"అది తీశాక తెలుస్తుంది" అన్నాడు.

నాకు ఇరవై ఏడేళ్ళు.

బాలస్వామి మావయ్య పక్క కుర్చీలో కూర్చుని తలూపుతున్నాడు. పెడనలో మా పేటకి ఆయనే డాక్టరు. చదివింది డాక్టరీ కాదు, ఎవరి దగ్గరో కాంపౌండరుగా చేసి సూది వెయ్యడం నేర్చుకున్నాడు. చర్చి పెద్ద కూడా ఆయనే. ఆయన ఆటో ఎక్కించుకుంటే మా పేట ఆడవాళ్ళు గుడివాడ వెళ్తారు, గర్భసంచి లేకుండా తిరిగొస్తారు. ఆరేళ్ళ క్రితం మా అక్క రత్నకుమారి అలాగే ఎక్కింది. అప్పుడు దానికి ఇరవై ఆరు.

తిరిగి వస్తుంటే కౌతవరం దాటాక అన్నాడు: "శుక్రవారానికి డేట్ ఇచ్చారమ్మాయ్. కార్డు మీద ఫ్రీగా అయిపోద్ది. ఒక పాప ఉందిగా, ఇంకా దాంతో ఏం పని నీకు?"

నేనేం మాట్లాడలేదు. భయపడి కాదు. ఆటో చప్పుడులో వినపడదని.

ఇది మా పాప పోయినేడాది సైన్సు నోట్సు. వెనక సగం ఖాళీగా ఉంది. ఎవరితోనైనా చెప్తే నాలుగు సలహాలు వస్తాయి, అందుకని ఇందులో రాస్తున్నాను.

జూలై 1

ప్యాడ్లు ఐదు. గడ్డలు పడుతున్నాయి. తెల్ల మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకున్నాను.

జూలై 2

భయం లేదు. కోపమే.

జూలై 3, గురువారం

పని చేసే షెడ్డు వెనక, అరిగిపోయిన అచ్చులు పోసిన మూల కూర్చుని అన్నం గంటలో రాస్తున్నాను. చేతులు కడిగినా కాగితం మీద ఎర్ర వేలిముద్రలు పడుతున్నాయి. పడనీ.

మా షెడ్డులో కలంకారీ బట్ట మీద అచ్చు వేసేది మగవాళ్ళు. బానలో ఉడికించేది మేము, ఆరుగురం ఆడవాళ్ళం. అచ్చు వేసినప్పుడు ఎరుపు కనపడదు, పటిక నీళ్ళ మరకలా ఉంటుంది. మరిగే బానలో పడ్డాకే అది ఎర్రగా తేలుతుంది. కర్రతో బట్టని ఎత్తుతూ దించుతూ నిలబడాలి. ఆవిరి మొహానికి కొడుతూనే ఉంటుంది.

నాంచారయ్య మేస్త్రి పెట్టిన రూలు ఒకటుంది. నెలసరి డేట్ వచ్చిన మనిషి బాన దగ్గరికి రాకూడదు, వస్తే ఎరుపు విరుగుతుందట. ఆ ఐదు రోజులూ ఇంట్లో ఉండాలి. ఉంటే, తిరిగొచ్చేసరికి నీ కర్ర ఇంకొకరి చేతిలో ఉంటుంది. అందుకే మేమందరం నెల ఆపే మాత్ర వేసుకుంటాం. చిన్నది, తెల్లది. బాలస్వామి మావయ్య ఇస్తాడు. అక్క కూడా బాన దగ్గర పని చేసినన్నాళ్ళూ అదే వేసుకుంది. పెళ్ళికనీ పండక్కనీ లోకంలో అందరూ వేసుకునేదే. ఏడాదిన్నర నుంచి వేసుకుంటున్నాను, నాకేం కాలేదు.

ఈ నాలుగు నెలలూ రోజూ నెత్తురుతోనే బాన దగ్గర నిలబడ్డాను. ఎవరికీ తెలీదు. మా బట్టలు మోకాళ్ళ కింద ఎటూ ఎరుపే. ఒక లాటు బట్ట కొంచెం మసకగా దిగితే చాలు, నా గుండె ఆగిపోతుంది. నా వల్లేనేమో అని. అలాంటివి నమ్మే మనిషిని కాదు నేను. అయినా ఆగిపోతుంది.

పొద్దున నాంచారయ్య నన్ను పట్టి పట్టి చూశాడు.

"ఏమే పిల్లా, మొహం పాలిపోయింది. నీళ్ళోసుకున్నావా ఏంటి కొంపదీసి?"

"మీ మొహం రోజూ చూస్తున్నాగా బాబాయ్ గారూ, ఒంట్లో నెత్తురు ఎక్కడ నిలుస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే కిందికి జారింది. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కర్ర పట్టుకున్నాను.

జూలై 4, శుక్రవారం

ఈ రోజే ఆపరేషన్ డేట్. వెళ్ళలేదు. ఆర్డరు ఉంది, మేస్త్రి వదలట్లేదని కబురు పంపాను. మావయ్య షెడ్డు గేటు దాకా వచ్చి, "సరే, వచ్చేవారం అడుగుతాలే" అని వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మళ్ళీ కర్ర పట్టుకున్నాను. ఆవిరి దగ్గర నిలబడి వణికాను.

జూలై 5, శనివారం

మా ఆయన క్రాంతి ఫోన్ చేశాడు. నాగాయలంక అవతల రొయ్యల చెరువు మీద పని చేస్తాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు.

"తీయించేసుకో జెన్నీ. అమ్మకి తీశారు, పిన్నికి తీశారు. పీడ పోద్ది."

"బావా, చెరువుకి గాలి కొట్టే ఏరేటరు ఆగిపోతే ఏం చేస్తావు?"

"ఇప్పుడదెందుకే?"

"చెప్పు."

"వైరు చూస్తాను. తర్వాత మోటారు విప్పి చూస్తాను."

"విప్పి చూడకుండా తీసి మట్టిలో పాతెయ్యవుగా. నాది ఎవరూ చూడలేదు."

అవతల ఏరేటర్ల చప్పుడు వినపడుతోంది. తర్వాత అన్నాడు, "నాకు అదంతా తెలవదు. నువ్వు పోతావేమోనని భయంగా ఉంది, అంతే."

అనకుండా ఉండాల్సింది. ఇంతసేపూ ఆ మాట నేను నాలో కూడా అనుకోలేదు.

జూలై 6, ఆదివారం

ఆరాధన అయ్యాక అక్క ఇంటికొచ్చింది. ఇప్పుడు గుడ్లవల్లేరులో ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో ఊడ్చే పని చేస్తోంది. ఫ్యాను కింద కూర్చుని, తడిగుడ్డ మెడ మీద వేసుకుంది. ముప్పై రెండేళ్ళకే దానికి ఆవిర్లు. ఉన్నట్టుండి మొహమంతా ఎర్రబడి చెమటలు కారతాయి. నడుము నొప్పి సరేసరి.

"నీది ఎందుకు తీశారక్కా?"

"నెత్తురు పోతోందని."

"ఎందుకు పోయిందంట?"

"అడగలేదే. అడగొచ్చని తెలిస్తేగా. మావయ్య ఉన్నాడు, డాక్టరున్నాడు, మీ బావ సంతకం పెట్టాడు. నేను బల్లెక్కి పడుకున్నాను." గుడ్డ తిప్పి వేసుకుంది. "సంచితోపాటు పక్కన గుడ్ల తిత్తులు కూడా తీసేశారని రెండేళ్ళకి తెలిసింది. వేరే నొప్పికి స్కాను తీసిన అమ్మాయి చెప్పింది. ఏమ్మా, ఇవి కూడా లేవే, ఎక్కడ పెట్టి మర్చిపోయావు అన్నట్టు అడిగింది."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వెళ్ళే ముందు గుమ్మంలో ఆగి చెప్పింది. వాళ్ళ హాస్టల్ వార్డెన్‌కి నాలాగే నెత్తురు ఆగకపోతే బందరులో ఒక డాక్టరమ్మ లోపలికి కెమెరా పెట్టి చూసిందట. కోత లేదు, మత్తు లేదు, మంచం పట్టడం లేదు. మర్నాడు వార్డెన్ డ్యూటీకి వచ్చి పిల్లల మీద అరిచిందట మామూలుగానే.

"నా టైములో ఎవరూ చెప్పలేదే. నువ్వైనా వెళ్ళు."

జూలై 7

వెళ్తాను. రేపే. భయపడేదేముంది, కెమెరాయే కదా.

తెల్లవి మూడు వేసుకున్నాను. బస్సులో మరక కాకూడదు.

జూలై 8, మంగళవారం

బందరు డాక్టరమ్మ పేరు అరుణకుమారి గారు. అరవై దగ్గరుంటాయి, గొంతు మాత్రం బళ్ళో టీచరు గొంతు. గుడివాడ కాగితం చదివి పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు నచ్చింది.

అన్నీ అడిగింది. ఎప్పటి నుంచి, ఎన్ని రోజులు, ఎంత, గడ్డలా పలచగానా, కాన్పు ఎలా అయింది, ఇంట్లో ఎవరికైనా షుగరుందా. నెత్తురు పరీక్ష రాసింది. తర్వాత, "ఏమైనా మాత్రలు వాడుతున్నావా?" అంది.

"లేదండీ."

మాత్రలంటే బీపీవి, షుగరువి. తెల్లది రోగానికి కాదుగా.

నేను హిస్టరోస్కోపీ అన్న మాట ఫోన్లో చదివి వెళ్ళాను. పదో తరగతితో ఆపేశాను కానీ చదవడం ఆపలేదు. అయినా ఆవిడ నోటితో వింటే వేరు. సన్నటి గొట్టమట, బాల్‌పెన్ను కంటే సన్నం. చివర దీపమూ కెమెరా ఉంటాయి. సెలైన్ నీళ్ళు వదిలితే గర్భసంచి కొంచెం విచ్చుకుంటుంది, లోపలి గోడలు టీవీలో కనపడతాయి. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పది నిమిషాలు. ఆ రోజే ఇంటికి.

"నొప్పి ఉండదా అండీ?"

"ఉండదని నేను చెప్పను. డేట్ నొప్పిలా వస్తుంది. కొంతమందికి గట్టిగానే వస్తుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకుని రా. మధ్యలో ఆపమంటే ఆపేస్తాను."

"క్యాన్సరా అండీ?"

"నీ వయసులో చాలా అరుదు. కానీ ఊహించి చెప్పడం నా పని కాదు. చూసి చెప్తాను."

చూసి చెప్తాను. బస్సులో పెడన వచ్చేదాకా ఆ మాటే. సోమవారం రమ్మంది.

జూలై 9

నొప్పికి కాదు భయం. కనపడుతుందేమోనని భయం. చూడకపోతే లేదనుకోవచ్చు కదా. గుడివాడ వాడు చూడకుండా కోస్తానన్నాడు, నేను చూడకుండా ఉంచుకుంటానంటున్నాను. ఇద్దరికీ తేడా ఏముంది?

జూలై 10

సోమవారం లాటు ఎక్కువుంది. వెళ్ళడం కుదరదేమో.

జూలై 11, శుక్రవారం

బానకి కొత్తగా వచ్చిన భవితకి పంతొమ్మిదేళ్ళు. పొద్దున నా పక్కన చేరి చెవిలో అంది, "జెన్నీ అక్కా, రేపో ఎల్లుండో డేట్ వచ్చేలా ఉంది. ఈ లాటు మధ్యలో ఇంటికి పంపితే మేస్త్రి మళ్ళీ పిలవడు. నీ దగ్గర ఉన్నాయా?"

నా దగ్గర ఒక స్ట్రిప్పే ఉంది, ఇచ్చేశాను. ఎలా వేసుకోవాలో చెప్పాను. మరక కనపడితే ఇంకోటి వెయ్యమన్నాను. మంచి పనే చేశాను. ఆ పిల్ల మొహం వెలిగింది.

నాకు లేకుండా పోయాయి. అడగడానికి మావయ్య దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళను.

జూలై 13, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవులు అడిగారు. లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను. బాలస్వామి మావయ్య ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూశాడు.

పాపకి సోమవారం బందరు పని మీద వెళ్తున్నానని చెప్పాను. జీళ్ళు తెమ్మంది.

జూలై 14, సోమవారం

అయిపోయింది. రాస్తుంటే ఇంకా కింద నొప్పిగానే ఉంది. అయినా ఈ రోజుది ఈ రోజే రాయాలి, రేపైతే మార్చి రాసేస్తాను.

అక్క సెలవు పెట్టి వచ్చింది. నర్సు ఒక ఫారం ఇచ్చింది. "మా ఆయన నాగాయలంకలో ఉన్నాడండీ" అన్నాను. "మీ ఒంటికి మీరే సంతకం పెట్టాలి" అంది నర్సు. రెండుసార్లు చదివాను. ఏం చేస్తారో, ఏం జరగొచ్చో అన్నీ ఉన్నాయి. సంతకం పెట్టాను. జెనిఫర్ అని మొత్తం అక్షరాలు రాశాను. గుడివాడలో నన్ను సంతకం అడగనే లేదు. అక్క ఆ ఫారం వైపే చూస్తోంది.

బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళు రెండు స్టాండ్ల మీద పెట్టారు. దుప్పటి కప్పారు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఏసీ వల్ల. డాక్టరమ్మ ఒక్కో పనీ చేసే ముందు చెప్పింది. ఇప్పుడు చల్లగా తగులుతుంది. ఇప్పుడు నీళ్ళు వస్తాయి. ఇప్పుడు కొంచెం దగ్గు. నర్సు నా చెయ్యి పట్టుకుని మీరేం పని చేస్తారు, ఏ రంగులు వేస్తారు అని అడుగుతోంది. కబుర్లతో మరిపించడానికని తెలుసు. అయినా చెప్పాను. కరక్కాయ నీళ్ళు, పటిక, బాన.

నొప్పి వచ్చింది. నడుములోంచి తొడల్లోకి మెలిపెట్టినట్టు. "ఆపండి" అన్నాను.

ఆపేసింది. నిజంగానే ఆపేసింది. చెయ్యి కదలలేదు. "తీసెయ్యమంటావా, ఆగి చూద్దామా, నువ్వే చెప్పు" అంది.

ఇన్నాళ్ళలో నా ఒంటిని ఏం చెయ్యాలో ఒకరు నన్ను అడగడం అదే మొదలు. ఊపిరి తీసుకున్నాను. చూద్దామండీ అన్నాను.

టీవీ నా వైపు తిప్పింది. నేనేదో నల్లగా, కుళ్ళినట్టు కనపడుతుందని కళ్ళు సగం మూసుకున్నాను. అక్కడ ఉన్నది చిన్న గది. లేత గులాబీ రంగు. ఉతికి ఉతికి వెలిసిపోయిన బట్టలా పలచగా ఉంది, అక్కడక్కడా సన్నటి ఎర్ర దారాలు. నీళ్ళలో ఏవో పోగులు తేలుతున్నాయి. రెండు మూలల్లో చిన్న చిన్న గుంటలు. అవి ట్యూబుల ద్వారాలట. మా పాప తొమ్మిది నెలలు ఉన్న గది. దాన్ని చూడకుండా తీసి బకెట్లో వేసేవాళ్ళు.

"గడ్డ లేదు. పాలిప్ అనే కండ లేదు" అంది డాక్టరమ్మ. "పొర బాగా పలచబడి ఉంది, ముట్టుకుంటే కారుతోంది. ఎందుకో తెలియాలి. చిన్న ముక్క తీస్తున్నాను, గిల్లినట్టుంటుంది."

గిల్లినట్టు లేదు. కొరికినట్టుంది. ఒక్క క్షణమే.

తర్వాత చేతులు కడుక్కుంటూ అడిగింది, "మాత్రలేమీ వాడట్లేదన్నావు కదా?"

"లేదండీ."

మూడు రోజుల నుంచి వేసుకోవట్లేదు. అబద్ధం కాదు.

బయట అక్కకి ఫొటో చూపించాను. కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "నాది కూడా ఇలాగే ఉండి ఉంటుందా?" అంది. జీళ్ళ కొట్టు ఎక్కడా అన్నాను.

రిపోర్టుకి పది రోజులు.

జూలై 16

ఎక్కువగా పోతోంది. ముక్క కోసిన చోటు పుండై ఉంటుంది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, భయపడొద్దు, గంటకో ప్యాడ్ తడిస్తే వెంటనే రా అంది. అంత లేదు.

జూలై 17

నా ముక్క ఏదో ఊళ్ళో, ఏదో సీసాలో ఉంది. ఎవరో దాన్ని చూసి పేరు పెడతారు. పాప నా ఒళ్ళో పడుకుంటే లేపేశాను. ఎందుకు లేపానో తెలీదు.

జూలై 18, శుక్రవారం

మావయ్య ఇంటికే వచ్చాడు. కుర్చీ వేశాను, మంచినీళ్ళిచ్చాను.

"బందరులో ఎక్కడో కెమెరా పెట్టించుకున్నావంటగా. మన పిల్లవి, నాకో మాట చెప్పొద్దూ?"

"చెప్తే ఆపేవాళ్ళుగా మావయ్యా."

"ఆపేవాడినే. అవన్నీ డబ్బున్నోళ్ళ వేషాలమ్మాయ్. ఇక్కడ నీ పేరు కార్డు మీద ఎక్కింది. ఇప్పుడు కాదంటే మళ్ళీ రాదు. రేపు ఆ ముక్కలో ఏదన్నా తేలితే ఎవరి కాళ్ళు పట్టుకుంటావు?"

సరే అందామనిపించింది. ఇప్పుడే, ఆ ఆటోలోనే, వెళ్ళిపోదామనిపించింది. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"అక్కకి తీసినప్పుడు లోపల ఏముందన్నారు?"

"ఆరేళ్ళ నాటి సంగతి ఎవరికి గుర్తు? మనిషి నిలబడిందా లేదా?"

"తీసింది పరీక్షకు పంపారా?"

గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఫోన్లో చదివి మాట్లాడకు" అన్నాడు.

జూలై 19

తక్కువ.

జూలై 21

ఈ రోజు లేదు. నమ్మను.

జూలై 22

లేదు.

జూలై 23

ఇవాళా లేదు. క్యాన్సరు ముదిరితే ఆగిపోతుందా? ఫోన్లో వెతికాను. దొరకలేదు. ఇంకా వెతికితే దొరుకుతుందని ఫోను బియ్యం డబ్బాలో పెట్టేశాను.

జూలై 24, గురువారం

క్యాన్సరు లేదు.

ఆ మాటే ముందు చెప్పింది డాక్టరమ్మ, నేను కుర్చీలో కూర్చోకముందే. బల్ల అంచు పట్టుకున్నాను.

తర్వాత కాగితం నా ముందు పెట్టి ఒక లైను కింద వేలు పెట్టింది. "ఇది చూడు. హార్మోన్ మాత్రలు చాలాకాలం పడిన గర్భసంచి ఇది. లోపలి పొరే చెప్తోంది. నేను నిన్ను రెండుసార్లు అడిగాను."

చెప్పేశాను. తెల్ల మాత్ర, బాన, మేస్త్రి రూలు, ఐదు రోజులు, మరక కనపడితే ఇంకోటి వెయ్యడం, మర్చిపోతే మర్నాడు రెండు వెయ్యడం. తిడుతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ళు?"

"ఏడాదిన్నరండీ."

"ఎంతమంది?"

"ఇప్పుడు ఆరుగురం."

"ఆ మాత్ర చెడ్డది కాదమ్మా. చూసి, ఇన్ని రోజులని లెక్క చెప్పి మేమూ ఇస్తాం. ఇలా నెలల తరబడి ఒకటి వేసి రెండు మానితే లోపలి పొర అరిగి, ఎప్పుడు పడితే అప్పుడు కారుతుంది. నువ్వు ఆపడానికి వేసుకున్నదే నీకు నెత్తురు కార్పించింది. మానేశావు, ఆగింది."

మూడు నెలలు చూద్దామంది. ఐరన్ మాత్రలు రాసింది. మళ్ళీ వస్తే రమ్మంది.

"అయితే మా అక్కది కూడా..." అన్నాను.

"అది నేను చెప్పలేను. చూడనిదాని గురించి చెప్పకూడదు. తీసినదాన్ని పరీక్షకు పంపి ఉంటే రిపోర్టుండాలి. అడగండి. అడిగే హక్కు మీకుంది."

బస్టాండులో కూర్చుని ఏడ్చాను. బతికానని ఏడుస్తున్నాననుకున్నాను. కాదు. నా చేత్తో ఆ స్ట్రిప్పు భవితకి ఇచ్చాను.

జూలై 25, శుక్రవారం

భవిత దగ్గర నాలుగు మిగిలాయి, తీసుకుని కాలవలో పడేశాను. ఎందుకో చెప్పాను. "మరి డేట్ వస్తే?" అంది. నిజమే కదా, వస్తే? తిన్నగా నాంచారయ్య దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్ గారూ, మార్చి నుంచి నిన్న మొన్నటి దాకా నేను నెత్తురుతోనే బాన కలిపాను. రోజూ. ఏ బట్ట విరిగింది?"

కర్ర దగ్గర ఉన్న వాళ్ళందరూ తిరిగారు.

"మే నెలలో ఒక లాటు మసకగా దిగింది" అన్నాడు ఆయన.

"ఆ రోజు పటిక తక్కువైందని మీరే కేకలేశారు."

"గట్టిగా అనకే పిల్లా, షావుకారు వింటాడు."

"వినాలనే. ఇక నుంచి డేట్ వచ్చినా బాన దగ్గరే ఉంటాం. ఒంట్లో బాగోకపోతే మేమే చెప్పి ఇంటికి వెళ్తాం."

ఆరుగురిలో ఒకరిద్దరు తలలు దించుకున్నారు. పద్దెనిమిదేళ్ళుగా పని చేసే తాతమ్మత్త మాత్రం కర్ర ఆపకుండానే అంది, "నేనైతే పోయిన నెల మూడు రోజులు నిలబడ్డా. నా వల్ల మాత్రం ఏం విరిగిందంట."

నాంచారయ్య కాలవ వైపు వెళ్ళిపోయాడు. రేపు ఉంచుతాడో తీసేస్తాడో తెలీదు.

జూలై 26, శనివారం

మధ్యాహ్నం గుడ్లవల్లేరు వెళ్ళాను. అక్క హాస్టల్ వరండా తుడుస్తోంది. అన్నీ చెప్పాను. తుడవడం ఆపలేదు. వరండా చివరిదాకా వెళ్ళి, బకెట్లో గుడ్డ పిండి, తిరిగొచ్చింది.

"అయితే నాకు రోగమే లేదంటావా?"

"తెలీదక్కా. ఎవరూ చూడలేదు."

"నాకు బాబు కావాలనుండేది" అంది. అంతే అంది. ఆ మాట ఆరేళ్ళలో ఎప్పుడూ దాని నోట వినలేదు. తర్వాత గుడ్డ అంచు వేలికి చుట్టుకుంటూ, "నేను అడగలేనే. నువ్వు రాయి. కింద నా పేరు నేను పెడతాను" అంది.

రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. సాయంత్రం చర్చి దగ్గర మావయ్య చేతికే ఇచ్చాను. మడత విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లోనైనా విప్పుతాడు. కాపీ ఇక్కడ రాసుకుంటున్నాను.

బాలస్వామి గారికి,

2019లో మీరు రత్నకుమారిని గుడివాడ తీసుకెళ్ళి గర్భసంచి, అండాశయాలు తీయించారు. లోపల ఏముందో అంతకుముందు ఎవరూ చూడలేదు. అంతకు రెండేళ్ళ ముందు నుంచి ఆమెకు నెల ఆపే మాత్రలు ఇచ్చింది మీరు. నెత్తురు పోవడం మొదలయ్యాక ఇంకా అవే ఇచ్చింది మీరు. ఈ సంగతి ఆ డాక్టరుకి చెప్పారా?

నాకూ అలాగే ఇచ్చారు, అలాగే తీసుకెళ్ళారు. నాది ఒక డాక్టరు చూశారు. తియ్యాల్సింది ఏమీ లేదు. రిపోర్టు నా దగ్గరుంది.

మన పేటలో మీ ఆటోలో వెళ్ళి గర్భసంచి లేకుండా వచ్చినవాళ్ళు నాకు తెలిసి పదకొండు మంది. అందులో ఎంతమంది ఆ మాత్రలు వేసుకున్నారో మీకే తెలుసు.

మాకు కావలసినవి ఇవి. రత్నకుమారి ఆపరేషన్ ఫైలు, తీసినదాన్ని పరీక్షించిన రిపోర్టు. పరీక్షకు పంపకపోతే, పంపలేదని గుడివాడ నర్సింగ్ హోమ్ వాళ్ళ సంతకంతో కాగితం. మీరు ఇక మీదట మా షెడ్డులో ఎవరికీ ఆ మాత్ర ఇవ్వనని మీ చేత్తో రాసిన మాట.

వచ్చే ఆదివారం, ఆగస్టు 3, ప్రభు సంస్కారపు ఆరాధన. రొట్టె పళ్ళెం పట్టుకుని మా ముందుకు వచ్చేది మీరే. ఈ లోపు జవాబు రాకపోతే సాక్ష్యాల సమయంలో సంఘమంతటి ముందూ నేను లేస్తాను. ముందు నా తప్పే చెప్తాను. పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఆ మాత్ర నేనూ ఇచ్చానని. తర్వాత మీ సంగతి చెప్తాను, తమ పేరు చెప్పడానికి ఒప్పుకున్న ఆడవాళ్ళ పేర్లతో సహా.

కాగితాలు రత్నకుమారి చేతికి, ఆమె ఇంటికి మీరే వెళ్ళి ఇవ్వండి. ఆగస్టు 2, శనివారం సాయంత్రం ఆరు గంటల లోపు.

జెనిఫర్
రత్నకుమారి